‘పగలే వెన్నెల’ – సాలూరి వారి పియానో పాట

(మన సంఘం కొమరోలు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కరువు భత్యం, బకాయిలు తప్ప ఏ విషయమైనా మాట్లాడమని కార్యదర్శిగారు ముందే ఆజ్ఞాపించారు. ఆ రెండూ తీసేస్తే నా దగ్గర మిగిలేది పాటలే.

రెండేళ్ళుగా నాకు చెవులు సరిగా వినిపించడం లేదు. డాక్టరుగారు పరీక్ష చేసి, వయసుతో మొదట పోయేవి సన్నటి ధ్వనులేనని, అంటే పై స్థాయి స్వరాలేనని చెప్పారు. ఆ రోజు గిద్దలూరులో బస్సెక్కి ఇక్కడ దిగేదాకా నేను ఆలోచించింది ఒక్కటే. ‘పగలే వెన్నెల’ పాటలో పియానో నాకు ఇంకెన్నాళ్ళు వినిపిస్తుంది? నవ్వకండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఆస్తి ఉంటుంది. నాది అది.

ఆ పాట ‘పూజాఫలం’ చిత్రంలోది. మునిపల్లె రాజుగారి ‘పూజారి’ నవల ఆధారంగా బి.ఎన్. రెడ్డిగారు తీశారు. 1964లో విడుదలైంది. పాట రాసినవారు సి. నారాయణరెడ్డిగారు, పాడినవారు ఎస్. జానకిగారు, సంగీతం సాలూరి రాజేశ్వరరావుగారు. తెరమీద జమునగారు పియానో ముందు కూర్చుని పాడతారు. మన వైపు ఆ సినిమా ఆలస్యంగానే వచ్చింది. టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు కొని ఇసుకలో కూర్చుని చూశాను. అప్పటికి మాలో ఎవరమూ పియానో చూసినవాళ్ళం కాము. మాకు తెలిసింది నాటకాల హార్మణి పెట్టె. నా పక్కన కూర్చున్న ముసలి హార్మణిస్టు ఒకాయన, “అదీ హార్మణీ లాంటిదేరా అబ్బీ, గాలి కొట్టే బాధ లేదు, అంతే” అన్నాడు. ఆ మాట పూర్తిగా నిజం కాదు గాని, దాని సంగతి తరువాత చెబుతాను.

రాజేశ్వరరావుగారు 1922లో సాలూరు దగ్గర శివరాంపురంలో పుట్టారు. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు. ఈయన పసితనంలోనే గ్రామఫోను రికార్డులకు పాడారు. 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’ చిత్రంలో బాలకృష్ణుడిగా నటించి పాడారు. కలకత్తా వెళ్ళి సైగల్, పంకజ్ మల్లిక్‌ల పాట దగ్గరగా విన్నారు. తిరిగొచ్చాక 1940లో ‘ఇల్లాలు’ చిత్రానికి సంగీతం చేశారు. బాలసరస్వతీదేవిగారితో కలిసి పాడిన రికార్డులు, ‘పాట పాడుమా కృష్ణా’, ‘చల్లగాలిలో’ వంటి లలిత గీతాలు ఇంటింటా మోగాయి. లలిత సంగీతం అన్న మాటకు తెలుగువాళ్ళకు మొదట తట్టే గొంతుల్లో ఆయనది ఒకటి. అరవడు, సాగదీయడు. పక్కన కూర్చుని మనకొక్కరికే చెబుతున్నట్టు పాడతాడు.

జెమినీ వారి ‘చంద్రలేఖ’ (1948)కు ఆయన చేసిన పాటల్లో పాశ్చాత్య బాణీలు, మన బాణీలు ఒకే పందిట్లో కూర్చుంటాయి. ఆ తరువాత ‘మల్లీశ్వరి’ (1951), ‘విప్రనారాయణ’ (1954), ‘మిస్సమ్మ’ (1955). వీటి సంగతి మీకు నేను చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. నేను చెప్పదలచింది వేరు. ఈ సినిమాల్లో ఆయన గొంతు ఏది? ఘంటసాలగారిది ఉంది, ఏ.ఎం. రాజాగారిది ఉంది, భానుమతిగారిది, లీలగారిది ఉంది. అంత పేరున్న గాయకుడు పాటలు కట్టి, నేర్పి, తాను వెనక్కు జరిగాడు. 1950ల నుంచి సినిమాల్లో ఆయన గొంతు దాదాపు వినపడదు. మనం ఏటా ట్రెజరీకి వెళ్ళి బతికే ఉన్నామని కాగితం ఇస్తాం. ఆ గొంతును ఆ కాగితం ఎవరూ అడిగినట్టు లేదు.

మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు నాట్ కింగ్ కోల్ అనే నల్లజాతి గాయకుడి పాటలు వినిపించాడు. ఆయన మొదట జాజ్ పియానో వాద్యకుడు. 1937 ప్రాంతంలో ముగ్గురితో చిన్న బృందం పెట్టుకుని పేరు తెచ్చుకున్నాడు. తరువాత పాడటం మొదలుపెడితే, 1950లో ‘మోనాలిసా’ పాటతో ఎంత పేరొచ్చిందంటే, ఆయన అంత గొప్పగా పియానో వాయిస్తాడన్న సంగతే చాలామంది మరిచిపోయారు. 1965లో 45 ఏళ్ళకే పోయాడు. అక్కడ గొంతు వాద్యాన్ని కప్పేసింది. మన సాలూరి వారికి సరిగ్గా తిరగబడింది. ఆయన కట్టిన పాటలే ఆయన గొంతును కప్పేశాయి.

కాని ‘పగలే వెన్నెల’ వింటే ఆ గొంతు ఎక్కడికీ పోలేదని నాకనిపిస్తుంది. పాట హిందోళ రాగం ఆధారంగా నడుస్తుంది. హిందోళంలో రిషభం, పంచమం ఉండవు. ఉన్న ఐదు స్వరాలూ ఊగాలి, జారాలి. ఇప్పుడు హార్మణిస్టు మాటకు వస్తాను. హార్మణిలో గాలి ఉన్నంతసేపూ స్వరం నిలబడుతుంది. పియానోలో మెట్టు నొక్కితే లోపల సుత్తి తీగను కొడుతుంది, మోగిన క్షణం నుంచీ స్వరం తగ్గిపోతూ ఉంటుంది. ఊపడం కుదరదు, జారడం అసలే కుదరదు. హిందోళానికి ఇంతకన్నా పనికిరాని వాద్యం ఉండదు. తెలిసి తెలిసి ఆయన దానితోనే పెట్టుకున్నారు. పియానోను పియానోలాగే విడివిడిగా చినుకుల్లా పలకనిచ్చి, ఊగే పనంతా జానకిగారి గొంతుకు అప్పజెప్పారు. ఆ గొంతు కూడా అరవదు, సాగదీయదు. పాతికేళ్ళ కిందట రికార్డుల్లో తాను పాడిన పద్ధతే అది. ఇది నా అభిప్రాయం. సంగీతం తెలిసినవారు కాదంటే ఒప్పుకుంటాను, ఇంటికెళ్ళి మళ్ళీ అదే అనుకుంటాను.

1999 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. కొడుకు కోటిగారి పాటలు మన పిల్లల తరానికి బాగా తెలుసు.

పోయిన వేసవి సెలవుల్లో మా మనవరాలికి చిన్న కీబోర్డు కొన్నారు. ఆ పాట వాయించమన్నాను. కుస్తీపడి ఒక సంగతి కనిపెట్టాం. ఇళ్ళల్లో హార్మణి ఉన్నవారు చూడండి. నల్లమెట్లు రెండు ఒక గుంపు, మూడు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో చివరిదాన్ని షడ్జంగా పట్టుకుని వరసగా నల్లమెట్లే నొక్కుకుంటూ పైకి పోతే, ఆ ఐదే హిందోళం. తెల్లమెట్టు ముట్టుకోనక్కరలేదు. సినిమా పాట శ్రుతి అదేనని కాదు, రాగం మాత్రం అక్కడుంది. అదే గుంపులో మొదటిదాన్ని షడ్జం చేసుకుంటే మోహన!

మనవరాలు నల్లమెట్ల మీద పల్లవి వాయిస్తుంటే పై స్వరాలు నాకు వినిపించలేదు. వేలు చూస్తున్నాను. ఏ మెట్టు మీద పడితే ఆ స్వరం, చినుకు పడ్డట్టు, టూరింగు టాకీసులో విన్నట్టే లోపల మోగింది. “తాతయ్యా, మిషను పెట్టుకో” అంది. “ఉండమ్మా, వినిపిస్తూనే ఉంది” అన్నాను. అబద్ధమో నిజమో మీరే తేల్చండి.

పిల్ల ఇక్కడే ఉంది, కీబోర్డు కూడా తెచ్చింది. ఒక్క ఐదు నిమిషాలు వాయిస్తుంది. నేను మిషను తీసి జేబులో పెట్టుకుని ముందు వరుసలో, మెట్లు కనపడేచోట కూర్చుంటాను. మీరు వినండి.