నిద్రకు తోడు ఒక చప్పుడు



హెల్మెట్, బెల్టు గురించి రోజూ పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో చెప్తూనే ఉంటాం. ఇవాళ నిద్ర గురించి చెప్తాం. స్కాఫోల్డింగ్ మీద కునుకు పడితే బెల్టు ఒక్కటే కాపాడదు గదా.

దుబాయ్ సోనాపూర్ క్యాంపుల్లో ఒక్కో రూములో ఆరుగురం, ఎనిమిది మందిమి ఉంటాం. పొద్దున నాలుగింటికి లేవాల్సినవాడు పడుకున్నాక ఇంకో షిఫ్టు వాడు వస్తాడు, తలుపు ధడేల్‌మంటుంది. మనల్ని ఎక్కువగా లేపేది ఇట్ల ఉన్నట్టుండి వచ్చే చప్పుడే. ఒకే తీరుగా వచ్చే మోత దాన్ని కొంత కప్పేస్తుంది. అందుకే పాత ఏసీ గురగురమంటుంటే పడుకుంటాం, అది ఆగితే మెలకువ వస్తుంది. టేబుల్ ఫ్యాను గోడవైపు తిప్పి పెట్టినా చాలు. ఫోన్లో వాన చప్పుడు కూడా మంచిదే, ఊళ్లో రేకుల ఇంట్ల పడుకున్నట్టే ఉంటది. కాకపోతే ఉరుములు లేనిది చూసుకోవాలి, సౌండు తగ్గించి ఫోన్ బోర్లా పెట్టాలి. సినిమా కామెడీ పనికిరాదు, మాటలు వినబడితే మనసు అటే పోతుంది.

రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు. పగలంతా డ్రిల్లింగ్ మోత తిన్న చెవులవి. పైగా ఫైర్ అలారం మోగితే వినబడాలి. ఛార్జింగ్‌లో ఉన్న ఫోను దిండు కింద అసలే పెట్టొద్దు. మనిషికో ఫోను కాదు, రూముకు ఒక్కటే చప్పుడు, అందరూ ఒప్పుకున్నది పెట్టుకోండి.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని బంద్. అప్పుడు నీడలో కన్ను మూసినవాళ్ల పక్కన స్పీకర్ పెట్టి మాట్లాడకండి.

ఇంత చేసినా నిద్ర పట్టని రూము ఉంటే మాకు చెప్పండి. ఒకే షిఫ్టు వాళ్లను ఒక రూములో వేయమని క్యాంప్ బాస్‌ను అడుగుతాం.