లూపస్ జబ్బు – రాతిదుమ్ము, ఎండ, పొగ

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నేను డాక్టరును కాను, ఉర్దూ బడి పంతులును. అయినా జబ్బు సంగతి ఎందుకు ఎత్తుకున్నానంటే, నా దగ్గర చదివిన ఒక ఆడపిల్ల సంగతి మనసులోంచి పోవడం లేదు. తండ్రిది రాతికోత పని. ఇంటి పక్కనే షెడ్డు. దాన్ని రోజూ ఊడ్చేది ఆ పిల్లే. పదో తరగతి అయిన ఏడాదికి రెండు బుగ్గల మీదా ఎర్రటి మచ్చలు వచ్చాయి. ఎండకు పోతే ఎక్కువయ్యేవి. కీళ్లనొప్పులు, జ్వరం, జుట్టు రాలడం. నజర్ తగిలిందని తావీజు కట్టారు. మందుల షాపులో నొప్పిబిళ్లలు కొని నెలల తరబడి మింగించారు. సంబంధాలు చూస్తున్న రోజులు గనుక సంగతి బయటికి పొక్కనీయలేదు. కాళ్లు వాచాక పెద్దాసుపత్రికి తీసుకుపోతే లూపస్ అన్నారు. మూత్రపిండాలు అప్పటికే చాలావరకు చెడిపోయాయి.

లూపస్ అంటువ్యాధి కాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే దారి తప్పి ఒంటిమీద తిరగబడడమే ఈ జబ్బు. రోగుల్లో పదింట తొమ్మిదిమంది స్త్రీలే, ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల లోపువారు. రోగుల్లో దాదాపు సగం మందికి అది మూత్రపిండాల దాకా పోతుంది. రక్తాన్ని వడగట్టే సన్నని జల్లెడలు వాచి, మాంసకృత్తులు మూత్రంలో కారిపోతాయి. అప్పుడు నొప్పి ఉండదు. అదే మోసం.

వంశంలోని గుణం కొంత కారణమైతే, చుట్టూ ఉన్న పరిసరాలు కొంత కారణం. వాటిలో మొదటిది రాతిదుమ్ము. గ్రానైటులోనూ, పలకరాయిలోనూ, ఇసుకలోనూ సిలికా ఉంటుంది. కరీంనగర్ వైపు గ్రానైటు పనీ, మార్కాపురం పలకల పనీ మనకు తెలిసినవే. కంటికి ఆనని ఆ సన్నదుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే, దాన్ని మింగిన రక్షక కణాలు అరిగించుకోలేక చచ్చిపోతాయి, లోపల మంట రేగుతుంది. సిలికా దుమ్ము ఎక్కువగా పీల్చేవారిలో లూపస్ ఎక్కువగా కనబడుతోందని పరిశోధనలు చెబుతున్నాయి. దుమ్ము పీల్చిన ప్రతివారికీ వస్తుందని కాదు. ఈ పిల్లకు దానివల్లే వచ్చిందనీ నేను అనలేను. కాని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సిలికోసిస్‌ను పట్టికకెక్కించిందంటే ఈ దుమ్ము ఎంత చెడ్డదో చూడండి.

అందుచేత రాతిని తడుపుతూ కోయండి. నోటికి కట్టిన చేతిరుమాలు ఆ దుమ్మును ఆపలేదు, దానికి తగిన మాస్కు కావాలి. పనిబట్టలతో ఇంట్లోకి రాకండి, పిల్లల్ని ఎత్తుకోకండి. షెడ్డును పొడిగా ఊడ్పించకండి, నీళ్లు చల్లించండి.

రెండోది ఎండ. జబ్బున్నవారికి ఎండ తగిలితే మచ్చలే కాదు, లోపలి జబ్బూ రేగవచ్చు. మిట్టమధ్యాహ్నం మిద్దెమీద మిరపకాయలు ఎండబెట్టే పని అలాంటి పిల్లకు చెప్పవద్దు. మూడోది సిగరెట్టు. తమ్ముళ్లారా, ఆ పొగ మీ భార్యాపిల్లలూ పీలుస్తున్నారు. ఇక నొప్పిబిళ్లలు లూపస్‌ను తేవు గాని, దెబ్బతిన్న మూత్రపిండాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. డాక్టరు చెప్పనిదే మింగవద్దు.

తల్లులకు నా మనవి. బుగ్గలమీద మచ్చ, మానని కీళ్లనొప్పి, నురగ మూత్రం, పొద్దున్నే కళ్లకింద వాపు కనబడితే ఆలస్యం చేయకండి. మూత్రపరీక్ష, రక్తపరీక్ష, బీపీ చూపించండి. దుఆ చేయండి, దవా కూడా చేయించండి. ముఖం తేటపడిందని మందులు మానిపించవద్దు. రంజానులో ఉపవాసం సంగతి ముందే డాక్టరును అడగండి. రోగికి తరువాత ఉండే వెసులుబాటు మన దీన్‌లోనే ఉంది.

పెళ్లి సంగతి కూడా చెప్పాలి. లూపస్ ఉన్న అమ్మాయికి పెళ్లి, పిల్లలు కూడదని ఎవరన్నారు? జబ్బు కనీసం ఆరునెలలు అదుపులో ఉన్నాక, డాక్టరు సలహాతో తల్లులైనవారు ఎందరో ఉన్నారు. దాచిపెట్టి మందులు మానిన పిల్లకే ప్రమాదం. మగపిల్లల తల్లిదండ్రులు కూడా ఈ మాట ఆలోచించాలి. మీరు ముఖం తిప్పుకుంటారన్న భయంతోనే వాళ్లు దాస్తున్నారు.

ఒక్క మూత్రపరీక్ష ఏడాది ముందు జరిగివుంటే ఆ పిల్ల కథ వేరుగా ఉండేది. మన సంఘం ఈ ఏడు రాతిపని చేసే కుటుంబాలకు ఒక పరీక్షా శిబిరం పెట్టాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను. అల్లాహ్ అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.