చిన్న దీవులు, పెద్ద రాజ్యములు



ఈ సాయంకాలము మిక్కిలి దూరముననున్న యొక దేశమును గూర్చి మీకు విన్నవింపదలచితిని. ఆస్ట్రేలియాకు ఈశాన్యమున, పసిఫిక్ మహాసముద్రమందు, సాలమన్ దీవులు కలవు. దీవులు 900కు పైచిలుకు. జనులు 2019 లెక్క ప్రకారము సుమారు 7 లక్షలు.

ఆ దీవులవారు చాలకాలము ఉపగ్రహముల మూలముననే లోకముతో మాటాడుచుండిరి. అందు వెల హెచ్చు, వేగము తక్కువ. సముద్రగర్భమున తంతి వేసినగాని ఇంటర్నెట్టు చక్కగా సాగకుండెను. ఆ తంతిలో వెండ్రుకలవంటి గాజుపోగులుండును. వార్త వెలుగై వానిలో పరుగెత్తును. కాని ధనమెక్కడిది? 2017లో చైనాకు చెందిన హువావే శాఖతో ఒడంబడిక చేసికొనిరి. ఆ తంతి సిడ్నీలో గట్టెక్కవలసియుండెను. అందుకు శంకించిన ఆస్ట్రేలియా, 2018లో ఖర్చులో అధికభాగము తానే భరింతునని ముందునకు వచ్చెను. సిడ్నీనుండి హోనియారాకును, పాపువా న్యూగినీ రాజధానికిని 4,700 కిలోమీటర్ల తంతి 2019లో వేయబడెను.

అంతటితో కథ ముగియలేదు. మారుమూల దీవులలో సెల్‌ఫోను స్తంభములు చాలకుండెను. 2019లోనే ఆ ప్రభుత్వము తైవానును విడిచి చైనాతో చెలిమి చేసెను. 2022 ఆగస్టులో చైనా బ్యాంకునుండి సుమారు 6 కోట్ల 60 లక్షల డాలర్ల ఋణము దెచ్చి, హువావేచే 161 స్తంభములు కట్టింతుమని ప్రకటించెను. గడువు 20 ఏండ్లు. వడ్డీ సాలుకు నూటికి 1.

ఇది చదివి నేను మొదట "ఏ యెండ కా గొడుగు పట్టుటయే గదా" యని చిన్నచూపు చూచితిని. పిమ్మట నాలోచింపగా, నా మాట న్యాయము కాదని తోచెను. ఇరువురు బలవంతుల నడుమ నున్న బీదవాడు తనకు వలసినదానిని ఇరువురినుండియు గ్రహించుట నేరము కాదు. పత్రము చదువక చేవ్రాలు చేయుటయే నేరము.

పొరుగున టోంగా రాజ్యమును చూడుడు. 2022 జనవరి 15న అగ్నిపర్వతము ప్రేలి, ఆ రాజ్యమును లోకముతో గలుపు ఒకే తంతి తెగెను. బాగుచేయు ఓడ వారిది కాదు. అది పరదేశమునుండి వచ్చి అతుకువేయుటకు సుమారు ఐదు వారములు పట్టెను. అంతకాలము పరదేశములందలి బిడ్డల క్షేమవార్త కెందరు తల్లులు వేచియుండిరో యూహింపుడు!

కావున సాయము చిన్నదైనను పెద్దదైనను నాలుగు ప్రశ్నలడుగవలెను. చెడినప్పుడు బాగుచేయువా డెవడు? తాళపుచెవి యెవరి చేత నుండును? అప్పు తీరనిచో పోవున దేమి? ఆ పనిని మన పిల్లలకు నేర్పుదురా? ఇవి దీవులకే కాదు, బావికి యంత్రము తెచ్చుకొను పల్లెకును వర్తించును. సమాధానము పత్రముమీద లేనిచో, ఇచ్చువాడెంత మంచివాడైనను కలము క్రింద పెట్టుడు.