పొర తీసే ముందు చెప్పాల్సిన మాట



బెంగళూరులోని ఈ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పొద్దున్నే అగర చెరువు గట్టు మీద నడవండి, తెలుగు వినబడుతుంది. పిల్లల ఉద్యోగాల వెంట హిందూపురం, మదనపల్లె, కుప్పం నుంచి వచ్చిన పెద్దలు. కంటి వైద్యంలో పట్టా అందుకుంటున్న మీ ముందు రేపు కూర్చునేది వాళ్లే. "కంటికి పొర కమ్మింది నాయనా, తీసేస్తే చూపొస్తుంది గదా" అంటారు.

కంటి నరాన్ని దెబ్బతీసే నీటికాసులు (గ్లాకోమా) కూడా ఉంటే అంత చూపూ రాదు. మసకబారిన లెన్స్ తీసి కొత్తది పెట్టగలం గానీ, కంటి వెనక చచ్చిన నరం పోగుల్ని ఎవరూ బతికించలేరు.

కొత్తలో నేనొక పెద్దాయనకు ఈ మాట చెప్పలేదు. ఆపరేషన్ చక్కగా జరిగింది. కట్టు విప్పాక, "నీ మొహం తేటగా కనిపిస్తోందయ్యా, పక్కన నిలబడ్డ మా ఆవిడ కనబడదేం? ఆపరేషన్ చెడిందా?" అన్నాడు. నీటికాసుల వల్ల పక్కచూపుకు కలిగిన ఆ నష్టం ఏళ్ల కిందటిది. ముందే చెప్పకపోవడం నా తప్పు. ఆయన మళ్లీ నన్ను నమ్మడానికి చాలా కాలం పట్టింది.

1990ల చివర్లో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సర్వే చేస్తే, నీటికాసులున్నవాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదని తేలింది. కాబట్టి పొర కోసం వచ్చినవాళ్ల నరం కూడా చూడండి. కంట్లో ప్రెషర్ 21 లోపు ఉందని వదిలేయకండి, అంతలోనూ నరం దెబ్బతింటుంది.

నీటికాసుల్లో, కంట్లో నీరు పోయే కోణం మూసుకుపోయే రకంలో మాత్రం లెన్స్ తీయడమే మంచి వైద్యం కావచ్చు. 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈగిల్ పరిశోధన, 50 దాటినవాళ్లలో పొర పట్టని లెన్స్‌నైనా తీయడం లేజర్ కంటే మేలని చూపింది. కోణం తెరిచి ఉన్న రకంలో ప్రెషర్ కాస్తే దిగుతుంది. పైగా ఆపరేషనైన తొలిరోజుల్లో అది ఎగబాకవచ్చు, వాపుకు వేసే స్టెరాయిడ్ చుక్కలూ కొందరిలో పెంచుతాయి. బాగా దెబ్బతిన్న నరానికి ఆ కాస్త పెరుగుదలా ముప్పే.

కొడుకులు ప్రేమకొద్దీ ఖరీదైన మల్టీఫోకల్ లెన్స్ అడుగుతారు. అది వెలుగును పంచేస్తుంది, మసక తేడాలు పోల్చుకోలేని కంటికి ఇంకా కష్టమవుతుంది. డబ్బు వృథా అని నిర్మొహమాటంగా చెప్పండి.

ఇంకొకటి. ఆపరేషన్ అయిందంటే నీటికాసుల చుక్కలతో పనిలేదని మానేస్తారు. చదివి తెలుసుకుందామన్నా ఇక్కడ మందుల చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. అందుకే నేను మొదట చెప్పిన ఆ పెద్దాయన మందు సీసాకు కాగితం అంటించి, "డాక్టరు చెప్పందే మానొద్దు" అని పెద్దక్షరాల్లో తెలుగులో రాసిచ్చాను. ఆయన దాన్ని కంటికెదురుగా పట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.