సంగం షాట్



పి.వి. సతీష్ స్మారకోపన్యాసం అనగానే చిరుధాన్యాల కోసం ఆయన చేసిన పని గురించి చెబుతాననుకుని ఉంటారు. అది చెప్పడానికి నాకంటే అర్హులు ముందు వరసలోనే ఉన్నారు. నేను కెమెరా సంగతి చెబుతాను.

సతీష్‌ది మైసూరు. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. 1975 ఆగస్టులో మొదలై ఏడాది నడిచిన 'సైట్' ఉపగ్రహ ప్రయోగంలో పనిచేశారు. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ తెచ్చిన ప్రయోగం అది. గొప్ప పనే. కానీ బొమ్మ పైనుంచి దిగేదే తప్ప, కింద కూర్చుని చూసినవాళ్ల మాట పైకి పోయే దారి లేదు. 1983లో మిత్రులతో కలిసి జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టారు. ఆ దారి వెతుకులాట అక్కడ సాగింది.

1990ల చివర్లో అక్కడి పస్తాపూర్‌లో వీడియో నేర్చుకున్నది ఎక్కువగా దళిత మహిళలు, చాలామంది బడి ముఖం చూడనివాళ్లు. లో యాంగిల్, టాప్ యాంగిల్ అన్న మాటలు వాళ్ల నోటికి ఎక్కలేదు. సొంత పేర్లు పెట్టుకున్నారు. ఎత్తుపల్లాల చూపులకు పటేల్ షాట్, బానిస షాట్. ఊరి మహిళల సంగం మీటింగులో చాప మీద ఎదురెదురుగా కూర్చుంటే కంటికి కన్ను కలుస్తుందే, అది సంగం షాట్. ఫిల్మ్ స్కూల్లో ఏళ్లు చదివినా కెమెరా కోణంలో దొరతనం ఉందని తట్టదు మనకు.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఈ అక్కలే కెమెరా పట్టుకుని వరంగల్ జిల్లా చేలకు పోయారు. ఒక్కసారి కాదు, పంట కాలమంతా. అలా తీసిన సినిమాలో అడిగేదీ రైతే, చెప్పేదీ రైతే.

ఇలాంటి సభల్లో 'గొంతులేనివాళ్లకు గొంతిచ్చారు' అనడం అలవాటైపోయింది. నాకది నచ్చదు. కలుపు తీస్తూ పాడేవాళ్లకు గొంతు లేకపోవడమేమిటి? సతీష్ మైకు ఇచ్చారు. ఇచ్చి పక్కకు జరగడం ఇంకా కష్టం, అది పూర్తిగా జరిగిందని కూడా అనను. 2023 మార్చిలో ఆయన పోయారు, ఇవాళ్టి ఉపన్యాసానికీ ఆయన పేరే పెట్టుకున్నాం.

ఇక రేడియో. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ మాట నమ్మి సొసైటీ వాళ్లు యునెస్కో సాయంతో అదే ప్రాంతంలోని మాచనూరులో స్టేషన్ కట్టారు, టవర్ లేపారు. లైసెన్సు రాలేదు. దాదాపు పదేళ్లు రాలేదు. స్టేషన్ నడిపే జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ రికార్డింగు మాత్రం ఆపలేదు. క్యాసెట్లు ఊళ్లకు పోయేవి. మీటింగులో టేప్‌రికార్డర్ మధ్యలో పెట్టుకుని, చుట్టూ కూర్చుని వినేవాళ్లు.

2006 చివర్లో కేంద్రం రేడియో లైసెన్సుల విధానం మార్చింది. 2008 అక్టోబరు 15న 90.4 మీద సంగం రేడియో పలికింది. ప్రారంభించడానికి వచ్చినాయన జస్టిస్ పి.బి. సావంత్, 1995 నాటి తీర్పు రాసిన న్యాయమూర్తి.

ప్రసారం రాత్రి ఏడింటికి పెట్టుకున్నారు. పగలైతే వినేవాళ్లూ, స్టేషన్ నడిపేవాళ్లూ చేలోనే ఉంటారు మరి.