మంచు అంచుకు చమురు మోసిన ఓడ

ఈ రోజు పట్టా అందుకుంటున్న మెరైన్ ఇంజనీర్లకు, మిమ్మల్ని ఇంతదాకా తీసుకొచ్చిన అమ్మానాన్నలకు అభినందనలు.

ఒక చమురు ఓడ గురించి చెబుతాను. అమెరికాలో మిన్నెసోటా సముద్రం ఊసే లేని రాష్ట్రం. అక్కడి సావేజ్ ఊళ్లో, ధాన్యం వ్యాపారం చేసే కార్గిల్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళానికి 18 పెట్రోలు ట్యాంకర్లు కట్టి, మిసిసిపీ నది మీదుగా సముద్రానికి పంపింది. వాటిలో ఒకటి ‘నమకాగన్’. 1962లో న్యూజిలాండ్ నౌకాదళం దాన్ని లీజుకు తీసుకుని ‘ఎండీవర్’ అని పేరు మార్చింది. 1971 దాకా అది అంటార్కిటికాలోని స్థావరాలకు చమురు, సరుకులు చేరవేసింది. యుద్ధానికి కట్టిన ఓడ శాస్త్రవేత్తల పొయ్యి వెలిగించింది. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

అంటార్కిటికా స్థావరంలో జనరేటరు ఆగితే వెచ్చదనం పోతుంది, నీళ్లూ ఉండవు. మామూలు డీజిల్ పంపితే చలికి అందులోని మైనం పేరుకుని ఫిల్టర్లు పూడిపోతాయి. ఐస్‌బ్రేకర్ దారి తెరిచే ఆ కొద్ది వారాల్లోనే ఏడాదికి సరిపడా ఇంధనం దింపాలి. అప్పుడు ఆ ఏర్పాటంతా ఆధారపడేది ఓడకీ ఒడ్డుకీ మధ్య పరిచిన గొట్టం మీద. దాని ఫ్లాంజ్ దగ్గర చేతి తొడుగులతో ఒక్కో బోల్టు బిగించే మనిషిని ఊహించుకోండి. గాస్కెట్ కాస్త పక్కకు జరిగినా చమురు మంచు మీద పడుతుంది. ఆ చలిలో అది తొందరగా విచ్ఛిన్నం కాదు, ఏళ్లతరబడి ఉండిపోతుంది.

అలాంటి భయాల వల్ల కూడా నియమాలు గట్టిపడ్డాయి. 1991లో మాడ్రిడ్‌లో అంటార్కిటికా పర్యావరణ రక్షణ ఒప్పందం కుదిరింది. 2011 ఆగస్టు నుంచి అంటార్కిటిక్ జలాల్లో బరువైన చమురు మోయడమే నిషేధం. న్యూజిలాండ్ 2020లో సేవలోకి తెచ్చిన ‘అవోటెయరోవా’ 173 మీటర్ల ట్యాంకర్. దాన్ని మంచును తట్టుకునేలా ఒళ్లు గట్టిపరిచి కట్టారు. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలిన టోంగాకు మంచినీళ్లు అందించి, ఆ మరుసటి నెలే అంటార్కిటికాలోని మెక్‌మర్డో స్థావరానికి వెళ్లింది.

మన విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ కూడా నౌకాదళానికి ఐదు సహాయక నౌకలు కట్టే పనిలో ఉంది. సముద్రంలోనే యుద్ధనౌకలకు ఇంధనం అందించే ఓడలవి. మీలో కొందరు వాటి మీదికి వెళ్లవచ్చు. ఎక్కడికి వెళ్లినా, ఆ ఫ్లాంజ్ దగ్గర సంతకం పెట్టేముందు ప్రతి బోల్టునూ మీ చేత్తో మీరే చూడండి. పని తొందరపెట్టే పైఅధికారి ఉంటే, ఒక్క నిమిషం ఆగమని ధైర్యంగా చెప్పండి.