యూనివర్సిటీ పచ్చదనం – వాడ లెక్క

(విద్యార్థులు, సఫాయి కార్మికులు కలిసి జరుపుకున్న సదస్సులో ఒక బడిపంతులు చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం ‘విశ్వవిద్యాలయాల్లో పర్యావరణ పరిరక్షణ – విద్య, నిర్వహణ’. మాట బరువుగా ఉంది గానీ విషయం మనకు కొత్తది కాదు. యూనివర్సిటీలో మన పిల్లలు పుస్తకం పట్టుకొని ఉన్నారు. అదే యూనివర్సిటీలో మన తల్లులు చీపురు పట్టుకొని ఉన్నారు. ఈ రెండు వైపుల నుంచీ చూస్తేనే అసలు లెక్క తేలుతుంది.

పర్యావరణం అంటే చెట్లు, పిట్టలు, ఓజోన్ పొర అని చెప్తారు. అవీ కావాలి, కాదనను. కానీ వాడలో పర్యావరణం మంచినీళ్ల దగ్గర మొదలవుతుంది. 1927లో బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టింది దేనికి? 1985 జూలైలో కారంచేడు గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే చెరువు నీళ్లు పాడుచెయ్యొద్దన్న కాడ మొదలైంది. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు ఊరు ఊరంతా దండెత్తి వచ్చి ఆరుగురు మాదిగలను చంపింది. నీటి కాలుష్యాన్ని ఎదిరించిన వాళ్ల చరిత్ర రాస్తే అందులో సువార్త పేరు ముందుండాలి. మీరు చదివిన పర్యావరణ పుస్తకంలో ఉందా? చూసి చెప్పండి.

చదువు సంగతి

ఈ పాఠం ఊరికే రాలేదు. ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చెయ్యమంది. ప్రభుత్వాలు నానబెట్టాయి. 2003లో కోర్టు మళ్లీ గట్టిగా అడిగితే, డిగ్రీ పిల్లలందరికీ కలిపి యూజీసీ ఆరు నెలల పాఠం తయారుచేసింది. మంచిదే. కానీ చాలాచోట్ల ఏం జరిగింది? గైడు కొనడం, నాలుగు ప్రశ్నలు బట్టీ పట్టడం, పాసవడం. వర్మీకంపోస్టు గురించి పది మార్కుల జవాబు రాసిన పిల్లవాడే హాస్టల్లో మిగిలిన అన్నం, ప్లాస్టిక్ కవరు, బ్లేడు ముక్క ఒకే డబ్బాలో పడేస్తాడు. దాన్ని చేత్తో విడదీసేది ఎవరు? మన అమ్మ. బ్లేడు తెగేది ఎవరి వేలు? మన అమ్మ వేలు.

పాఠంలో ఇంకో లోపం ఉంది. జ్ఞానమంతా పైనుంచి కిందికి వస్తుందన్నట్టు రాస్తారు. తంగేడు చెక్కతో తోలు ఊనిన మాదిగోడికి రసాయన శాస్త్రం తెలియదా? చచ్చిన గొడ్డు వాసన ఊరికి తగలకుండా, దాని తోలు రైతుకు మోట బొక్కెనగా, కాలికి చెప్పుగా మార్చి ఇచ్చాడు. పారేసే దాన్ని పనికొచ్చేదిగా మార్చడాన్ని ఇవాళ పెద్ద ఇంగ్లీషు పేరుతో క్లాసులో చెప్తున్నారు. మనోడు చేస్తే మాత్రం దానికి అంటు అని పేరు పెట్టారు. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత ఆడవాళ్లు సజ్జ, కొర్ర, సామ విత్తనాలు ఇళ్లల్లో దాచి కాపాడారు. వాళ్లకు 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లలో ఎంతోమంది బడి మొహం చూడనివాళ్లు. వాళ్లను యూనివర్సిటీ పిలిచి కుర్చీ వేసి పాఠం చెప్పించుకోవాలి. విద్య అంటే నేను అనేది అది.

నిర్వహణ సంగతి

న్యాక్ బృందం వస్తుందంటే క్యాంపస్‌లో హడావుడి చూడాలి. గోడలకు సున్నం, కుండీల్లో పూలమొక్కలు, గ్రీన్ ఆడిట్ ఫైళ్లు. సోలార్ పలకలు ఎన్ని, ఎల్ఈడీ బల్బులు ఎన్ని, ఇంకుడు గుంతలు ఎన్ని అని లెక్క. ఆ లెక్కలో మనం ఇంకో ప్రశ్న వెయ్యాలి: మీ హాస్టల్ సెప్టిక్ ట్యాంకు నిండితే ఎట్లా తీయిస్తున్నారు?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నేను పీజీ చదివిన చోట హాస్టల్ వెనక ట్యాంకులోకి దిగినతను మా పక్క ఊరి వాడ మనిషే. నడుముకు తాడు తప్ప ఒంటిమీద ఇంకేం లేదు. నన్ను గుర్తుపట్టి తల వంచుకున్నాడు. తల వంచుకోవాల్సింది అతను కాదు, అతణ్ణి దింపినవాళ్లు.

ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ లాంటి గ్యాసులు ఉంటాయి. మూత తీసి దిగిన మనిషి ఒక్క నిమిషంలో స్పృహ తప్పొచ్చు. అతణ్ణి లాగబోయి రెండోవాడు, మూడోవాడు కూడా పడిపోతారు. అందుకే 2013 చట్టం వచ్చింది. రక్షణ సామాన్లు, జాగ్రత్తలు లేకుండా మనిషిని మురుగు కాలవలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ‘కాంట్రాక్టరు దింపాడు, మాకు సంబంధం లేదు’ అంటే చెల్లదు. నేరుగా దింపినా, ఇంకొకరి చేత దింపించినా నేరమే అని చట్టంలో ఉంది. చనిపోయిన వాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ అంకెలు రాసిపెట్టుకోండి, అవసరపడతాయి. కానీ మనిషి పోయాక వచ్చే పైసలు కాదు మనం అడిగేది. మనిషి దిగకూడదు, అంతే.

చెత్త సంగతీ ఇంతే. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థలు తడి, పొడి వేరు చెయ్యాలని, తడి చెత్తను వీలైనంత మటుకు తమ జాగాలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలని 2016 నియమాలు చెప్పాయి. వేల మంది తినే క్యాంపస్ ఈ లెక్కలోకి రాకుండా పోతుందా? అక్కడ మార్చకపోతే ఆ చెత్త ఎక్కడికి పోతుంది? లారీ ఎక్కి బీదోళ్ల ఇళ్ల పక్కకు పోతుంది. జవహర్‌నగర్ డంపుయార్డు చుట్టుపక్కల బోర్లు ఏమయ్యాయో అక్కడి జనాన్ని అడగండి. ఒకచోటి పచ్చదనం ఇంకోచోటి కంపు కాకూడదు.

భూమి సంగతి

కంచ అంటే మనకు తెలుసు, గొడ్లు మేసే జాగా. కంచ గచ్చిబౌలి అట్లాంటిదే. 1974లో పెట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి అక్కడ 2,300 ఎకరాల దాకా చూపించారు. అందులో ఎన్నో ముక్కలు వేరేవాటికి పోయాయి. సర్వే నంబరు 25లో 400 ఎకరాలు 2004లో ఒక క్రీడల కంపెనీకి కట్టబెట్టారు, 2006లో రద్దుచేశారు. కోర్టులో గెలిచాక, ఆ భూమి తనదే అంటూ ప్రభుత్వం 2025 మార్చి 30న, ఉగాది పండగ పూట, బుల్‌డోజర్లు దింపింది. జింకలు, నెమళ్లు చెల్లాచెదరయ్యాయి. అడ్డం పోయిన విద్యార్థులను పోలీసులు వ్యాన్లలో వేశారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది.

యూనివర్సిటీ పేరు మీద పట్టా మారలేదన్నది ప్రభుత్వ వాదన. అసైన్డు భూముల్లో, పోరంబోకుల్లో ఈ మాట మనం ఎన్నిసార్లు విన్నాం! కాగితం మనది కాకపోతే ఏళ్ల తరబడి ఉన్న జాగా ఒక్కరోజులో పోతుంది. క్యాంపస్ నిర్వహణ అంటే మొక్కలు నాటడమే కాదు, భూమి రికార్డు సరిచేసుకోవడం కూడా.

ఉద్యోగాలు వస్తాయి గదా, మీకేం బాధ అని అడిగేవాళ్లున్నారు. ఆ అద్దాల మేడల్లో మనకు మొదట దొరికేది మళ్లీ చీపురే. సర్కారు యూనివర్సిటీ ఉంటేనే మన పిల్ల తక్కువ ఫీజుతో పీహెచ్‌డీ దాకా పోతుంది. అందుకే ఆ భూమి మనకు కావాలి. ఇంకో మాట కూడా మరవొద్దు. అదే క్యాంపస్‌లో 2016 జనవరిలో వెలివాడ వెలిసింది, రోహిత్ వేముల ప్రాణం పోయింది. నెమలికి చోటుండి వాడ బిడ్డకు చోటు లేని క్యాంపస్‌ను పచ్చటి క్యాంపస్ అనలేం.

ఏం అడుగుదాం?

ఒకటి, ఏ హాస్టల్లోనైనా ట్యాంకు మిషనుతోనే తీయించాలి. ఎప్పుడు, ఏ మిషనుతో తీయించారో నోటీసు బోర్డులో పెట్టాలి. పెట్టకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

రెండు, ఎవరి చెత్త వాళ్లే వేరు చెయ్యాలి. ప్రొఫెసరైనా సరే.

మూడు, సఫాయి కార్మికులకు కాంట్రాక్టరు లేకుండా నేరుగా జీతం, చేతితొడుగులు, బూట్లు, ఏడాదికోసారి వైద్య పరీక్ష ఇవ్వాలి. క్యాంపస్ పర్యావరణ కమిటీలో వాళ్ల మనిషి కూర్చోవాలి.

నాలుగు, పర్యావరణ పాఠానికి మార్కులు గైడు చూసి వెయ్యొద్దు. పిల్లలు తమ వాడకు పోయి బోరు నీళ్లు, మురుగు కాలవ, శ్మశానం దారి పరిశీలించి రాసింది చూసి వెయ్యాలి.

ఐదు, యూనివర్సిటీ భూమి హద్దులు, సర్వే నంబర్లు బహిరంగంగా పెట్టాలి.

ఇవి కోట్ల ఖర్చు పనులు కావు. కొన్నిటికి చట్టం ఇప్పటికే ఉంది, అడిగే నోరే కావాలి. ఊళ్లకు పోయాక మీ పిల్లలు చదివే హాస్టల్ నుంచే మొదలుపెట్టండి. వెనక్కి వెళ్లి ట్యాంకు మూత ఎక్కడుందో చూడండి. వార్డెన్‌ను మర్యాదగా అడగండి. జవాబు రాకపోతే పదిమంది కలిసి అడగండి.

జైభీమ్!